జనరల్ టికెట్ ఏ దారికి చెల్లుతుందో చూసుకునే చిట్కా

ఊరి పేరు ఒకటే కదా అని జనరల్ టికెట్‌తో ఏ రైలు దొరికితే అది ఎక్కేస్తాం. తీరా టీసీ వచ్చాక ఇది ఈ రూట్‌కి చెల్లదంటే టెన్షన్.

టికెట్ మీద ‘వయా’ అని చిన్న అక్షరాల్లో ఒక లైన్ ఉంటుంది. చాలామంది చూడరు. దాని పక్కన ఉండే స్టేషన్ కోడ్లే ఆ టికెట్‌కి దారి. సికింద్రాబాద్ నుంచి గుంటూరుకి చూడండి. ఎన్‌ఎల్‌డీఏ అంటే నల్గొండ, అది దగ్గరి దారి. కేజెడ్‌జే అంటే కాజీపేట, అక్కడి నుంచి వరంగల్, ఖమ్మం, విజయవాడ చుట్టి వస్తుంది కాబట్టి ఛార్జీ ఎక్కువ. నారాయణాద్రి రైలు వెళ్లేది నల్గొండ మీదుగా, గోల్కొండ రైలు వెళ్లేది కాజీపేట మీదుగా. వయా నల్గొండ టికెట్‌తో గోల్కొండ ఎక్కకూడదు.

అందుకే ముందు రైలు ఖాయం చేసుకోండి. రైళ్ల వివరాలు చూపే రైల్వే వాళ్ల ఎన్‌టీఈఎస్ యాప్‌లో దాని నంబరు కొట్టి, ఆగే స్టేషన్లు చూసి, కౌంటర్లో ‘గుంటూరు, వయా నల్గొండ’ అని దారితో సహా అడగండి. ఫోన్లో తీసుకుంటే రూట్ ఎంచుకునే చోట తొందరపడి మొదటిదే నొక్కేయొద్దు. టికెట్ చేతికి రాగానే, క్యూ వదలకముందే ఆ లైన్ చదువుకుంటే మార్పించుకోవడం తేలిక.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. దారి కలిసినా, మామూలు ఎక్స్‌ప్రెస్ టికెట్ సూపర్‌ఫాస్ట్‌లో చాలదు. నారాయణాద్రిలా 12తో గానీ, 20, 22తో గానీ మొదలయ్యే నంబర్లయితే సూపర్‌ఫాస్ట్ టికెట్టే అడగాలి.