బల్క్ కాపీ నత్తనడక నడుస్తూ ర్యామ్ అంతా మింగేస్తుంటే

డాట్‌నెట్ ప్రోగ్రామ్ నుంచి ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లోకి, రికార్డులను గుంపుగా పంపే ఎస్‌క్యూఎల్‌బల్క్‌కాపీ క్లాస్‌తో లక్షల రికార్డులు ఎక్కిస్తుంటే మెషీన్ మొరాయిస్తోందా? కోడ్ మీద చెయ్యి వేసే ముందు టాస్క్ మేనేజర్ తెరిచి, మెమరీ తింటున్నది మీ ప్రోగ్రామా, సర్వరా అన్నది చూడండి. సర్వర్ అయితే కంగారు పడకండి, చదివిన డేటా పేజీలను మెమరీలో అట్టిపెట్టుకోవడం దాని పద్ధతే, అవతల ఆపరేటింగ్ సిస్టమ్‌కి ఇరుకైతే తప్ప వదలదు. రెండూ ఒకే మెషీన్ మీద ఉంటే మాత్రం సర్వర్‌లోని మ్యాక్స్ సర్వర్ మెమరీ సెట్టింగ్‌తో దానికి హద్దు పెట్టండి.

పెరిగేది మీ ప్రోగ్రామే అయితే ముందు అనుమానించాల్సింది డేటాటేబుల్‌ని, అంటే రికార్డులన్నిటినీ మెమరీలో పట్టుకునే టేబుల్‌ని. దాన్ని నింపే ఫిల్ అన్న మరుక్షణం నుంచి, కోటి రికార్డులున్నా అన్నీ ర్యామ్‌లోకి వచ్చి కూర్చుంటాయి, అవన్నీ వచ్చేదాకా అవతలికి ఒక్కటీ పోదు. దాన్ని తీసేసి, ఎగ్జిక్యూట్‌రీడర్ ఇచ్చిన, ఒక్కో రికార్డే చదివే రీడర్‌ని నేరుగా బల్క్ కాపీ రైట్‌టుసర్వర్ మెథడ్‌కి అందించండి, చదివింది చదివినట్టే వెళ్లిపోతుంది. ఫైళ్లు, పెద్ద టెక్స్ట్ దాచే మ్యాక్స్ సైజు కాలమ్‌లుంటే ఎనేబుల్‌స్ట్రీమింగ్ కూడా ట్రూ చేయండి, మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది.

ఒక్కో విడతకి ఎన్ని రికార్డులు పంపాలో చెప్పే బ్యాచ్‌సైజ్ డిఫాల్ట్ 0, అంటే మొత్తం సరుకూ ఒకే బ్యాచ్. చివర్లో ఎర్రర్ వస్తే అంతా వెనక్కి, ఈలోపు డేటాబేస్ లాగ్ ఫైల్ ఉబ్బిపోతుంది. 5,000తోనో 10,000తోనో మొదలుపెట్టి కొలుచుకుంటూ పెంచండి. టార్గెట్ టేబుల్ క్లస్టర్డ్ కాలమ్‌స్టోర్ (డేటాను కాలమ్‌ల వారీగా కుదించి దాచేది) అయితే లెక్క వేరు, బ్యాచ్ 1,02,400కి తగ్గితే రికార్డులు ముందు కుదించకుండా తాత్కాలికంగా ఉంచే డెల్టాస్టోర్‌లో పడతాయి.

మెమరీ బాగానే ఉండి స్పీడే లేకపోతే, రాయడం ఆపేసి రీడర్‌ని ఖాళీ లూప్‌లో చివరిదాకా తిప్పి చూడండి. అదే నెమ్మదిగా ఉంటే తప్పు డేటా తెచ్చే మీ సెలెక్ట్ క్వెరీది, బల్క్ కాపీని తిట్టి లాభం లేదు. అది చకచకా అయిపోతే టార్గెట్ టేబుల్ ఇండెక్స్‌లు చూడండి. ఖాళీ టేబుల్ నింపుతుంటే నాన్‌క్లస్టర్డ్ ఇండెక్స్‌లు (టేబుల్‌కి పక్కన విడిగా ఉండేవి) తీసేసి, లోడ్ అయ్యాక కట్టుకోవడం మేలు, కానీ కోట్ల రికార్డులున్న టేబుల్‌కి నాలుగు లక్షలు కలపడానికి ఆ పని చేస్తే మళ్లీ కట్టడానికే పొద్దుపోతుంది. టేబుల్ మొత్తానికి లాక్ వేసే టేబుల్‌లాక్ ఆప్షన్ బాగా పనిచేస్తుంది, అయితే జనం వాడుతున్న టేబుల్ మీద పట్టపగలు పెట్టకండి.

బల్క్ కాపీ టైమౌట్ డిఫాల్ట్ 30 సెకన్లే కదా అని చాలామంది దాన్ని 0 చేసి ఊరుకుంటారు. 0 అంటే ఎప్పటికీ ఆగదని అర్థం, లాక్ కోసం ఎదురుచూస్తూ తెల్లవార్లూ వేలాడుతున్నా మీకు తెలియదు. ఇన్ని రికార్డులకోసారి కబురు చెప్పే నోటిఫైఆఫ్టర్ పెట్టి, ఎన్ని వెళ్లాయో మీ ప్రోగ్రామ్ లాగ్‌లో రాయిస్తే ఎక్కడ ఆగిందో కనబడుతుంది.