కాకినాడ తీరంలో వలస పక్షులు: ముందు పోటు వేళ తెలుసుకోండి

పక్షులను చూడాలంటే తెల్లవారుజామునే బయలుదేరాలని చాలామంది చెబుతారు. తోటల్లోని పిట్టల విషయంలో అది నిజమే కాని, శరదృతువులో సైబీరియా, మధ్య ఆసియాల నుంచి కాకినాడ అఖాతానికి చేరే ఉల్లంకి జాతి పక్షులు (తీరపు బురదలో మేసేవి) పొద్దును కాక సముద్రపు ఆటుపోట్లను అనుసరించి మేతకు దిగుతాయి. నీరు తీసినప్పుడు అవి బురద మీద కంటికి ఆననంత దూరం చెదిరిపోతాయి. పోటు వస్తున్నకొద్దీ నీరే వాటిని ఒడ్డు వైపు తరుముతుంది. కాబట్టి పోటు నిండే వేళకు రెండు, మూడు గంటల ముందే కుంభాభిషేకం అనే చోట ఒడ్డున కూర్చోవాలి.

అయితే ఏ పోటు పడితే ఆ పోటు పనికిరాదు. అఖాతం ఊరికి తూర్పున ఉన్నందున ఉదయం ఎండ కళ్లలో పడి పక్షులన్నీ నల్లని నీడల్లా కనిపిస్తాయి. పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది కనుక, అది సాయంత్రం 4, 5 గంటలకు నిండే రోజును ఎంచుకుంటే వెలుతురు మన వీపు వైపు ఉంటుంది. ఆటుపోట్ల పట్టిక దొరకకపోతే వేటకు వెళ్లే మత్స్యకారులను అడగవచ్చు. తిథిని బట్టి వారు నోటిలెక్కగా చెప్పేస్తారు.

8x42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) సరిపోతుంది, స్టాండు మీద నిలిపే చిన్న దూరదర్శిని, అంటే స్పాటింగ్ స్కోప్ ఉంటే మరీ మంచిది.

గుర్తుపట్టడంలో రంగును నమ్ముకోవడమే కొత్తవారు చేసే పొరపాటు. ఆగస్టు, సెప్టెంబరుల్లో ముందుగా వచ్చే ఎదిగిన పక్షుల ఒంటిపై సంతాన కాలపు ఎరుపు ఇంకా మిగిలి ఉండవచ్చు కాని, కార్తీకం నాటికి దాదాపు అన్నీ బూడిద, గోధుమ రంగుల్లోకి మారిపోతాయి. అందుకే ముందు ముక్కును చూడాలి. బాగా పొడవై కిందికి వంగితే కర్ల్యూ. అదే వంపుతో కురచగా ఉండి, తలపై చారలు కనిపిస్తే వింబ్రెల్. కొద్దిగా పైకి తేలితే బార్ టెయిల్డ్ గాడ్‌విట్. ఆ తర్వాత నడక: ప్లోవర్లు నాలుగడుగులు పరుగెత్తి, ఆగి, చూసి పొడుస్తాయి; శాండ్‌పైపర్లు బురదను ముక్కుతో తడుముతూ సాగుతాయి. కింది ముక్కు పై ముక్కు కంటే పొడవున్న పక్షి కనిపిస్తే అది ఇండియన్ స్కిమ్మర్. అది సైబీరియాది కాదు, చంబల్ వంటి మన నదుల ఇసుక దిబ్బలపై గుడ్లు పెట్టే పక్షి.

ఫొటో కోసం బురదలోకి దిగకూడదు. కాళ్లు కూరుకుపోవడం ఒక ప్రమాదమైతే, వేల కిలోమీటర్లు ఎగిరి అలసిన గుంపును లేపడం అంతకన్నా పెద్ద తప్పు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం హెచ్చరిక ఉన్న రోజుల్లో తీరానికి వెళ్లవద్దు. గుంపును లెక్కించేటప్పుడు మొదట 10 పక్షులను ఎంచి, అవి ఆక్రమించిన మేర మొత్తం గుంపులో ఎన్నిసార్లు పడుతుందో చూసి, ఆ సంఖ్యతోపాటు పోటు స్థితిని కూడా అక్కడికక్కడే రాసుకోవాలి.