జింకల సీజనుకు రైఫిల్ సిద్ధం చేసుకోవడం – 4వ పాఠం: క్లిక్కుల లెక్క, తూటాల పెట్టె

మూడో పాఠం చదివి రేంజికి (కాల్పుల సాధన చేసే చోటికి) వెళ్లినవారిలో చాలామంది ఒకే మాట రాశారు: "మీరు చెప్పినట్టే తిప్పాను, గురి కుదరలేదు." తప్పు నాది. 25 గజాల దగ్గర మొదలుపెట్టమన్నాను కానీ, అక్కడ క్లిక్కు లెక్క మారుతుందని చెప్పలేదు.

స్కోపు అంటే రైఫిల్ మీద బిగించే గురి దుర్బిణి; దాని గుబ్బ తిప్పితే టక్కుమనే ఒక్కో అడుగే క్లిక్కు. చాలా స్కోపుల మీద ఒక క్లిక్కుకు పావు అంగుళం అని ఉంటుంది. అది 100 గజాల మాట. 25 గజాల్లో అదే క్లిక్కు గుండును అంగుళంలో పదహారో వంతే జరుపుతుంది. గుండు రెండు అంగుళాలు కింద తగిలితే 8 కాదు, 32 క్లిక్కులు పైకి తిప్పాలి. ఒకటిన్నర అంగుళం ఎడమకు పోతే 24 కుడికి. అర అంగుళమైతే 8. ఒక్క రంధ్రం చూసి తిప్పకండి. మూడు కాల్చి, వాటి నడిమి నుంచి కొలవండి.

25 గజాల్లో నడిమికి తగిలిందని ఇంటికి వచ్చేసినవారు మళ్లీ వెళ్లక తప్పదు. స్కోపు, రైఫిల్ గొట్టానికి సుమారు ఒకటిన్నర అంగుళం పైన ఉంటుంది కనుక, గుండు కింది నుంచి వచ్చి చూపు గీతను దాటి పైకి పోతుంది. 308 విన్‌చెస్టర్ రకం తూటా అయితే 100 గజాల్లో రెండు అంగుళాలకు పైనే ఎత్తున తగులుతుంది. గురి ఖాయం చేసుకోవలసింది 100 గజాల్లోనే.

స్కోపు స్క్రూలు బిగించుకోవడం, చెవులకూ కళ్లకూ రక్షణ పెట్టుకోవడం మీకు తెలిసినవే.

ఇక తూటాలు. చవక పెట్టెతో గురి సరిచేసుకుని, సీజను ముందురోజు వేరే పెట్టె కొనడం చూస్తే నాకు కోపం వస్తుంది. "రెండూ 150 గ్రెయిన్లే కదా" అంటారు (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత). బరువు ఒకటే, నిజమే. గుండు ఆకారం వేరు, తుపాకి మందు వేరు, వేగం వేరు, గొట్టం అదిరే తీరు వేరు. నా రైఫిల్‌లోనే ఒకే బరువున్న రెండు రకాలు 100 గజాల్లో మూడు అంగుళాల ఎడంతో తగిలాయి. పైగా ఆ చవకవి తరచు పూర్తిగా రాగి తొడుగు ఉన్నవి. అవి జింక లోపల విచ్చుకోకుండా దూసుకుపోతాయి, గాయపడిన జింక ఎక్కడో పొదల్లో గంటల తరబడి బాధపడి చస్తుంది. ఒకసారి చీకటి పడేదాకా నెత్తుటి జాడ వెతికాను, దొరకలేదు. ఆ రాత్రి ఇప్పటికీ మరవలేదు. అందుకే మెత్తని మొన ఉన్నవి, పెట్టె మీద లాట్ నంబరు (ఒకే విడతలో తయారైనవని చెప్పే నంబరు) ఒకటే ఉన్నవి రెండు పెట్టెలు ఒకేసారి కొంటాను. 40 తూటాలు. గురికీ వేటకూ అవే. మూత మీద ఎర్ర సిరాతో రైఫిల్ పేరు రాస్తాను.

గొట్టం శుభ్రం చేయడం ఇప్పుడే ముగించండి. శుభ్రమైన గొట్టం నుంచి మొదటి గుండు పక్కకు పోవచ్చు. రెండు మూడు కాల్చాక గురి చూడండి, ఆ తరువాత సీజను అయ్యేదాకా లోపల బ్రష్షు పెట్టవద్దు.

అభ్యాసం: టెక్సస్‌లో సాధారణ సీజను నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. అక్టోబరులో నాలుగు వారాలు, వారానికి ఒక ఉదయం రేంజికి వెళ్లండి. చల్లని గొట్టంతో ఒక్క తూటా, 100 గజాల్లో. బల్ల మీద ఆన్చి కాదు, నేల మీద కూర్చుని, మోచేతులు మోకాళ్లకు ఆనించి. నాలుగు వారాలూ అదే కాగితం వాడండి, ప్రతి రంధ్రం పక్కన తేదీ రాయండి. నాలుగూ ఆరు అంగుళాల వలయంలో పడకపోతే, ఈ ఏడాది 50 గజాలు దాటిన జింకను వదిలేయండి.