డ్యూటీ నుంచి రాగానే ఫోన్ సంగతి చూడండి

బెంగళూరు మారతహళ్లి వైపు పీజీల్లో ఉంటూ హాస్పిటల్ డ్యూటీలు చేసే మన తెలుగు నర్సులకు ఒక మాట. చెప్పులు గుమ్మం బయట వదలడం, రాగానే స్నానం చేయడం మనకు అలవాటే. మర్చిపోయేది ఫోన్, మెడలోని ఐడీ కార్డు ట్యాగ్. వార్డులో ఎన్నిసార్లు ముట్టుకుంటామో! ఫోన్ కవర్ తీసి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వైప్‌తో అంచులతో సహా తుడవండి. ఆ తడి దానంతటదే ఆరాలి, వెంటనే పొడిగుడ్డ పెట్టి తుడిచేస్తే ఫలితం ఉండదు. ట్యాగ్‌ను యూనిఫాంతో పాటే ఉతికేయండి, రూమ్మేట్ల బట్టల్లో మాత్రం కలపకండి.

విరేచనాల పేషెంట్లను చూసిన రోజు శానిటైజర్‌ను నమ్ముకోవద్దు. విరేచనాలు తెచ్చే సి. డిఫిసిల్ అనే బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పొర కప్పుకున్న దాని రూపాలు) ఆల్కహాల్‌కు చావవు. సబ్బుతో బాగా రుద్ది, పారే నీళ్ల కింద కడగాల్సిందే.