తూరు రేవు పట్టణం ప్రస్తావనలను పాత గ్రంథాల నుంచి సేకరించే పద్ధతి

కోస్తాంధ్రలోని పాత రేవు మోటుపల్లి శాసనం చదివి, ఆ తర్వాత మార్కోపోలో రాసిన మోటుపల్లి వర్ణన చదివినవారికి ఒక చిక్కు ఎదురవుతుంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన ఆ అభయశాసనం, ఓడలు దెబ్బతిని ఒడ్డుకు చేరిన వర్తకుల సరుకును ఇకపై రాజు లాగుకోడని, నిర్ణయించిన సుంకం మాత్రమే పుచ్చుకుంటాడని స్పష్టంగా చెబుతుంది. మార్కోపోలో మాత్రం పాములున్న లోయల్లోంచి మాంసపు ముక్కలకు అంటుకొని వచ్చే వజ్రాల గురించి, వాటిని పైకి తెచ్చే గద్దల గురించి చెప్పి, రాజు చనిపోయాక ఆయన భార్య నలభై ఏళ్లుగా రాజ్యమేలుతున్నదని రాశాడు. రుద్రమదేవి గణపతిదేవుని కూతురని ఓరుగల్లులో బడిపిల్లలకు కూడా తెలుసు. అంతమాత్రాన మార్కోపోలోను అవతల పెట్టలేము, ఎందుకంటే అక్కడి సన్నని బట్ట సాలెగూడులా ఉంటుందని అతడు చెప్పిన మాట సరుకు తెలిసిన వర్తకుడి మాట. ఒకే పేజీలో కన్నది, విన్నది పక్కపక్కనే ఉంటాయి. ఏ పాత రేవు గురించి చదివినా ఈ రెండింటినీ వేరుచేయడమే అసలు పని.

మధ్యధరా సముద్రపు తూర్పు తీరంలో, నేటి లెబనాన్ దక్షిణ భాగంలో ఉన్న తూరు పట్టణం ఈ పనికి చాలా అనువైనది. దాదాపు రెండున్నర వేల ఏళ్ల పాటు గ్రీకు, లాటిన్, హీబ్రూ, అరబీ, పారశీక భాషలవారు దాని గురించి రాస్తూ వచ్చారు. ఆ ప్రస్తావనలను హనుమకొండలో ఇంట్లో కూర్చొని కూడా క్రమంగా సేకరించవచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్, పెర్సియస్ డిజిటల్ లైబ్రరీ వంటి చోట్ల పాత ఇంగ్లీషు అనువాదాలు చాలావరకు ఉచితంగా దొరుకుతాయి.

ముందుగా పేర్ల పట్టిక తయారుచేసుకోవాలి. హీబ్రూలో ఈ ఊరి పేరు త్సోర్, దానికి బండరాయి అని అర్థం. నగరం మొదట తీరానికి ఎదురుగా ఉన్న రాతి దీవి మీద వెలసింది కాబట్టి ఆ పేరు దానికి తగినదే. గ్రీకులో అది తురోస్, లాటిన్‌లో తీరుస్, అరబీ, పారశీకాల్లో సూర్, ఇంగ్లీషులో టైర్. తెలుగు బైబిలు తూరు అంటుంది. ఉర్దూ చదవగలిగిన మిత్రులుంటే, మన వరంగల్‌లో వారికి కొదవ లేదు, స్వాద్, వావ్, రే అనే మూడక్షరాలతో రాసిన మాటను అరబీ, పారశీక ముద్రణల్లో ఎక్కడెక్కడ ఉందో చూపించమని అడగండి. అనువాదాల సూచికల్లో ఒక్కోసారి సూర్ కింద, ఒక్కోసారి టైర్ కింద ఉంటుంది కాబట్టి రెండింటినీ చూడాలి.

పేరు కనిపించిన ప్రతిచోటా అది మన పట్టణమే అనుకోకూడదు. గ్రీకు భూగోళకారుడు స్ట్రాబో తన 16వ పుస్తకంలో తూరు అనే పేరును రెండు వేర్వేరు చోట్లకు వాడతాడు. ఒకటి మన తూరు. రెండోది పారశీక సింధుశాఖలోని ఒక దీవి, మధ్యధరా తీరంలోని ఫినీషియా (తూరు, సీదోను ఉన్న ప్రాంతం) పట్టణాలు తమ వలసలేనని అక్కడివారు చెప్పుకునేవారట. నేను మొదట రెండింటినీ ఒకే కార్డు మీద రాసుకొని, సముద్రాల లెక్క కుదరక వారం రోజులు తిప్పలు పడ్డాను. ఒమాన్‌లో ఇప్పటికీ సూర్ అనే రేవు ఉంది, అరబీ గ్రంథాల్లో దాన్ని కూడా గమనించుకోవాలి. మరొక చిక్కు లాటిన్ కవులతో వస్తుంది. వారు తూరువారు అన్నప్పుడు తరచు తూరు నుంచి వలస వెళ్లినవారు ఉత్తర ఆఫ్రికాలో కట్టుకున్న కార్తేజి నగర ప్రజలని అర్థం, తూరు వస్త్రం అన్నప్పుడు ఖరీదైన రంగు బట్ట అని అర్థం. అలాంటివాటిని వేరే కట్టగా కట్టి పెట్టుకోండి.

ఒక్కో ప్రస్తావనకు ఒక్కో కార్డు రాయాలి. పేజీ సంఖ్య ముద్రణను బట్టి మారుతుంది కాబట్టి పుస్తకం, అధ్యాయం, ఖండిక సంఖ్యలనే రాసుకోవాలి. గ్రీకు చరిత్రకారుడు హెరడోటస్ గ్రంథానికి 2.44 అని రాస్తే ఏ అనువాదంలోనైనా అదే చోటు దొరుకుతుంది. కార్డు మీద నాలుగు విషయాలు ఉండాలి: రచయిత ఎప్పటివాడు, చెబుతున్న సంగతి ఎప్పటిది, తాను చూశాడా విన్నాడా లేక చదివాడా, ఆ వాక్యం యథాతథంగా ఏమిటి. మూడో గడి నింపడానికే ఎక్కువ సమయం పడుతుంది.

ఆ హెరడోటస్ ఖండికనే తీసుకుందాం. గ్రీకులు కొలిచే వీరుడు హెరాక్లెస్ గురించి తేల్చుకోవాలనే కోరికతో తాను ఓడలో తూరుకు వెళ్లానని, అక్కడి హెరాక్లెస్ ఆలయంలో రెండు స్తంభాలు చూశానని అతడు క్రీ.పూ. 5వ శతాబ్దంలో రాశాడు. ఒకటి మేలిమి బంగారంతో, మరొకటి రాత్రి వేళ మెరిసే పచ్చని రాతితో చేసినవట. ఈ ఆలయం ఎప్పటిదని పూజారులను అడిగితే, నగరం పుట్టినప్పుడే ఆలయమూ పుట్టిందని, ఇప్పటికి 2,300 ఏళ్లయిందని వారు చెప్పారట. ఈ ఒక్క ఖండికను మూడుగా విడదీయాలి. స్తంభాలున్నాయన్నది చూసిన మాట. పచ్చని స్తంభం నిజంగా మరకతమేనన్నది చూసినవాడి అంచనా. 2,300 ఏళ్లన్నది పూజారుల మాట, అంటే ఆలయం వారు తమ గురించి తాము చెప్పుకొన్న స్థలపురాణం. మన వేములవాడలోనో కాళేశ్వరంలోనో అర్చకులు చెప్పిన కాలాన్ని రాసుకున్నట్టే దీన్నీ గౌరవంగా రాసుకోవాలి కానీ, నగర స్థాపన తేదీగా వాడుకోకూడదు.

ముట్టడి కథనాల్లో అంకెలను ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. క్రీ.పూ. 332లో అలెగ్జాండర్ ఏడు నెలలు ముట్టడించి, తీరం నుంచి దీవి దాకా సముద్రంలో కట్ట పోయించి నగరాన్ని పట్టుకున్నాడు. ఆ సంగతిని విపులంగా చెప్పే డయడోరస్, కర్టియస్, ఏరియన్ ముగ్గురూ కొన్ని వందల ఏళ్ల తర్వాతివారు. ఏరియన్ ఎనిమిది వేల మంది చనిపోయారని, ముప్పై వేల మందిని బానిసలుగా అమ్మారని రాస్తే, డయడోరస్ బందీలు పదమూడు వేలకు పైగా అంటాడు. వీటి సగటు తీయడం పొరపాటు. ఎవరి లెక్కను వారి పేరుతో సహా విడివిడిగా రాసుకోవాలి. దూరాల విషయంలో కొలతలను మార్చి చూడాలి. దీవికీ తీరానికీ మధ్య నాలుగు స్టేడియాలని (స్టేడియా పాత గ్రీకు దూరపు కొలత) కర్టియస్, 700 అంగలని రోమన్ రచయిత ప్లీనీ అంటారు. రోమన్ అంగ అంటే రెండు అడుగులు వేసినంత, సుమారు మీటరున్నర, కాబట్టి ప్లీనీ లెక్క కిలోమీటరుకు కాస్త పైన, కర్టియస్ లెక్క ముప్పావు కిలోమీటరు. ఈ కథనాలేవీ తూరువారివి కావన్నది కూడా మరువరాదు. మన ఓరుగల్లు మట్టికోట ముట్టడి గురించి ఢిల్లీ సుల్తాను ఆస్థానకవి అమీర్ ఖుస్రో రాసింది గెలిచినవారి పక్షం నుంచి రాసినట్టే, ఇవీ గెలిచినవారి జ్ఞాపకాల మీద ఆధారపడ్డాయి.

తూరు పక్షం మాట వినాలనుకుంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. ఈజిప్టులోని అమర్నాలో దొరికిన క్రీ.పూ. 14వ శతాబ్దపు మట్టిపలకల్లో తూరు పాలకుడు అబిమిల్కు ఫారోకు రాసిన లేఖలున్నాయి. పొరుగు రేవు పట్టణమైన సీదోను రాజు అడ్డుపడటం వల్ల తమకు తాగే నీరు, వంటచెరుకు అందడం లేదని అతడు మొరపెట్టుకుంటాడు. సంపన్నమైన దీవి నగరానికి మంచినీరు ఎదుటి ఒడ్డు నుంచి రావలసిన పరిస్థితిని మోటుపల్లి శాసనమంత సూటిగా చెప్పే పత్రాలివి. బైబిలులోని యెహెజ్కేలు గ్రంథం 27వ అధ్యాయం మరో రకమైనది. అది తూరు మీద శోకగీతం, కానీ దాని మధ్యలో వెండి, ఇనుము, తగరం, సీసం, దంతం, కోవిదారు మ్రానుల వంటి సరుకులు, అవి వచ్చే దేశాలు వరుసగా ఉన్నాయి. కవితను ఒక కార్డుగా, సరుకుల జాబితాను మరో కార్డుగా రాసుకోండి.

తూరుకు పేరు తెచ్చింది రంగు. సముద్రపు నత్తల నుంచి తీసే ఆ రంగును తెలుగులో ఊదా అంటున్నాం, అయితే మాటకు లోబడిపోకుండా ప్లీనీ 9వ పుస్తకం చూడాలి. మేలైన తూరు రంగు గడ్డకట్టిన నెత్తురులా ఉంటుందని, సూటిగా చూస్తే నల్లగా కనిపించి, వెలుగుకు ఎత్తి చూస్తే మెరుస్తుందని ఆయన వర్ణించాడు. ఇది బట్టను చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసినట్టుండే వాక్యం. అద్దకపు పనివల్ల ఊరు నివాసానికి అసౌకర్యంగా ఉన్నా, ఆ పనే దాన్ని ధనవంతం చేసిందని స్ట్రాబో అంటాడు. వరంగల్ కొత్తవాడలో తివాచీల నూలుకు రంగు మరిగే చోట నిలబడినవారికి ఈ మాట ఇంకా దగ్గరగా అర్థమవుతుంది, నత్తల కుళ్లు అంతకంటే ఎన్నో రెట్లు ఘాటు. ఇళ్లకు రోములో కంటే ఎక్కువ అంతస్తులుంటాయని కూడా స్ట్రాబో రాశాడు. వెయ్యేళ్ల తర్వాత, 1047లో అక్కడికి వెళ్లిన పారశీక యాత్రికుడు నాసిర్ ఖుస్రో సత్రాలు ఐదారు అంతస్తులవని రాశాడు. ఇరుకైన బండ మీద కట్టిన ఊరు పైకే పెరుగుతుంది. ఒకరినొకరు చదవని ఇద్దరు సాక్షులు కలిసిన ఇలాంటి చోట్లకు కార్డు మూలన గుర్తు పెట్టుకోండి.

మధ్యయుగ యాత్రికుల విషయంలో స్వతంత్ర సాక్ష్యాన్ని పరీక్షించడమే ముఖ్యం. 1170 ప్రాంతంలో వచ్చిన యూదు యాత్రికుడు బెంజమిన్, రేవు ముఖాన రెండు బురుజులున్నాయని, రాత్రివేళ వాటి మధ్య గొలుసు కడతారని రాశాడు. 1184లో వచ్చిన ముస్లిం యాత్రికుడు ఇబ్న్ జుబైర్ కూడా బురుజుల గురించి, గొలుసు గురించి రాశాడు. ఒకరు హీబ్రూలో, మరొకరు అరబీలో రాశారు కాబట్టి వీరిది రెండు సాక్ష్యాల బలం. 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా గ్రంథంలోనూ తూరు వర్ణన ఉంది, కానీ సిరియా ప్రాంతపు వర్ణనల్లో ఆ గ్రంథం ఇబ్న్ జుబైర్ వాక్యాలను చాలాచోట్ల వాడుకున్నదని పండితులు చూపించారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి వాక్యం వాక్యం పోల్చి, కొత్తగా ఉన్నదాన్ని మాత్రమే అతని సాక్ష్యంగా తీసుకోవాలి. 1291లో ఈజిప్టు పాలకులైన మమ్లూకులు నగరాన్ని పట్టుకున్నాక, 14వ శతాబ్దంలో తాను చూసేనాటికి అది శిథిలమని అతడు చెప్పిన మాట అలాంటిది.

1175లో తూరు ఆర్చిబిషప్ అయిన విలియం సంగతి వేరు. ఆయన ఆ ఊరివాడిలాంటివాడు, అయినా తన చరిత్రలోని 13వ పుస్తకం మొదట్లో తూరు ప్రాచీనత గురించి చెప్పింది చాలావరకు పాత లాటిన్ గ్రంథాల నుంచి తీసుకున్నదే. చుట్టుపక్కల ఊటనీళ్లతో పెరిగే చెరకు తోటల గురించి రాసినప్పుడు మాత్రం ఆయన తన కళ్లతో చూసినది చెబుతున్నాడు.

కార్డులన్నీ పూర్తయ్యాక, సంఘటన జరిగిన కాలాన్ని బట్టి కాక, రాసినవాడి కాలాన్ని బట్టి వరుసలో పెట్టండి. ఏరియన్ చెప్పేది క్రీ.పూ. 332 నాటి సంగతే అయినా అతని కార్డు క్రీ.శ. 2వ శతాబ్దంలో, ప్లీనీ తర్వాత ఉంటుంది. యూదు చరిత్రకారుడు జోసీఫస్ కార్డులో మాత్రం రెండు తేదీలు వేయాలి. పోయిన తూరు చరిత్రల నుంచి మెనాండర్, దియస్ అనేవారి మాటలను ఆయన క్రీ.శ. 1వ శతాబ్దం చివర ఎత్తిరాశాడు, వారి పుస్తకాలు మనకు దొరకవు. కాబట్టి ఆ కార్డు జోసీఫస్ వరుసలోనే ఉండాలి, దాని మీద ఆ ఇద్దరి పేర్లు వేరే రంగు సిరాతో ఉండాలి.