మాంసం కూరలో చేప కలిసిందా? గిన్నె పారేసే ముందు సీసా తిప్పి చదవండి

శుక్రవారం మధ్యాహ్నం అయితే చాలు, నా ఫోన్ మోగుతుంది. "అక్కా, మాంసం గిన్నెలో చేప వండేశాను, గిన్నె పారేయాలా?" "అక్కా, ఓవెన్‌లో రెండూ ఒకేసారి పెట్టాను, అవ్వకు చెప్పాలా?" ఇజ్రాయెల్‌లో యూదుల ఇళ్లలో పెద్దవాళ్లను చూసుకునే పనికి వచ్చిన మన తెలుగువాళ్లవే ఈ ఫోన్లు. శుక్రవారం సాయంత్రం వచ్చే యూదుల విశ్రాంతి దినం షబ్బాత్ మొదలవడానికి రెండు గంటలు కూడా ఉండదు, ఆ టెన్షన్‌లో ఏదో ఒకటి చేసేస్తారు.

మాంసానికీ పాలకూ వేరు గిన్నెలు ఉండాలని, రొయ్యలూ పొలుసు లేని వాలుగ లాంటి చేపలూ ఇంట్లోకే రాకూడదని మొదటి వారంలోనే నేర్చుకుని ఉంటారు. అవి మళ్లీ చెప్పను. చేప, మాంసం కలిపి వండకూడదు, కలిపి తినకూడదు అన్న నియమం కూడా ఉంది, తికమక అంతా అక్కడే వస్తోంది.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. పాలు, మాంసం కలపకూడదన్నది తోరాలోని, అంటే బైబిల్ మొదటి ఐదు కాండాల్లోని ఆజ్ఞ. మేకపిల్లను తల్లి పాలలో ఉడకబెట్టవద్దన్న మాట నిర్గమకాండంలో రెండుసార్లు, ద్వితీయోపదేశకాండంలో ఒకసారి వస్తుంది. మనలో బైబిల్ చదివేవాళ్లకు తెలిసినదే. చేప, మాంసం కలపవద్దన్న మాట తోరాలో ఎక్కడా కనబడదు. అది పాతకాలపు యూదు పండితుల చర్చల గ్రంథమైన తల్ముద్‌లోది. ఒకే పొయ్యిలో మాంసంతో పాటు కాలిన చేప గురించి పెసహీమ్ అనే భాగంలో, 76వ పత్రంలో చర్చ ఉంది. అది నోటి దుర్వాసనకూ, కుష్ఠు లాంటి చర్మరోగానికీ దారి తీస్తుందని అప్పటి పెద్దల మాట. 16వ శతాబ్దంలో యోసేఫ్ కారో రాసిన యూదు నియమాల గ్రంథం షుల్హాన్ అరూఖ్‌లో కూడా ఇది ఆరోగ్యానికి సంబంధించిన జాగ్రత్తగానే ఉంది. కాలం మారింది కాబట్టి ఇప్పుడు అంత ప్రమాదం ఉండకపోవచ్చని తర్వాతి పండితులు కొందరు రాశారు. అయినా నియమం పాటించే ఇళ్లలో ఎవరూ దీన్ని వదలలేదు. కోడి కూడా ఇక్కడ మాంసం లెక్కలోకే వస్తుంది.

మనకు కావలసిన తేడా ఏమిటంటే, పాలు మాంసం కలిసి ఉడికితే తిండితో పాటు గిన్నె కూడా పనికిరాకుండా పోతుంది. చేప, మాంసం విషయంలో పట్టింపు తిండి మీదే. అందుకే కంగారుపడి గిన్నెలు పారేయకండి. నాకు తెలిసిన ఒక చెల్లి మంచి ఇనప మూకుడు చెత్తలో వేసి, తర్వాత ఇంటివాళ్లకు సమాధానం చెప్పుకోలేక ఏడ్చింది.

సమస్య: మాంసం గిన్నెలో చేప వండేశారు

గిన్నె ముందే శుభ్రంగా కడిగి ఉందా? అడుగున కొవ్వు, మాంసం ముక్క ఏదీ అంటుకుని లేదా? అయితే ఎక్కువమంది రబ్బీల (యూదు మతగురువుల) లెక్కలో చేపకు ఏమీ కాలేదు. గిన్నెకు పట్టిన రుచిని చేప, మాంసం కలిసినట్టుగా చూడరు. కాకపోతే ఆ చేపను పెరుగుతోనో వెన్నతోనో వడ్డించకండి, అది వేరే సమస్య తెస్తుంది. కొన్ని ఇళ్లలో చేపకంటూ ప్రత్యేకంగా గిన్నె ఉంటుంది. అలాంటి ఇంట్లో అవ్వకు చెప్పి, ఆమె ఏమంటే అది చేయండి. దాచడం మాత్రం వద్దు.

సమస్య: ఓవెన్‌లో రెండూ ఒకేసారి ఉన్నాయి

ఒకదాని మీదైనా మూతో, ఫాయిలో గట్టిగా ఉంటే ఇబ్బంది లేదు. రెండూ తెరిచి ఉంటే, అలా పెట్టకూడదు. కానీ జరిగిపోయాక ఆ తిండి పారేయనక్కరలేదని క్రాకోవ్‌కు చెందిన రబ్బీ మోషే ఇస్సర్లెస్ షుల్హాన్ అరూఖ్ మీద రాసిన వ్యాఖ్యలోనే ఉంది. ఒకదాని రసం పొంగి రెండో దానిలో పడితే మాత్రం అడగాల్సిందే.

సమస్య: బల్ల దగ్గర కలిసిపోయాయి

శుక్రవారం రాత్రి భోజనంలో ముందు చేప, తర్వాత మాంసం వస్తుంది. మధ్యలో పళ్ళెం, ఫోర్కు, వడ్డించే గరిటె మార్చాలి. కాస్త రొట్టె తిని, ఏదైనా తాగాలి. సెఫార్దీ (స్పెయిన్ మూలాలున్న యూదుల) ఇళ్లలో చేతులు కూడా కడుక్కుంటారు. మనవాళ్లు పళ్ళాలు మారుస్తారు, గరిటె మర్చిపోతారు. ఎన్నిసార్లు చెప్పినా ఇదే.

సమస్య: వేయించిన చేప మాంసం వాసన వస్తోంది

నూనె చూడండి. వేయించిన నూనె చల్లార్చి, వడకట్టి డబ్బాలో దాచుకోవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. చికెన్ ష్నిట్జెల్ వేయించిన నూనెలో చికెన్ కొవ్వు, రుచి కలిసే ఉంటాయి, వడకట్టినంత మాత్రాన పోవు. ఆ నూనెలో చేప వేయిస్తే రెండూ నిజంగా కలిసినట్టే. ఆ చేప ఎవరికీ పెట్టకుండా రబ్బీని అడగమనండి. నూనె దాచుకోవాలంటే డబ్బా మీద పేరు రాయండి, లేదా ప్రతిసారీ కొత్త నూనె వాడండి.

సమస్య: చేప ముట్టుకోనే లేదు, అయినా మాంసంలో చేప ఉందంటున్నారు

నన్ను దెబ్బతీసింది ఇదే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

ఆరేళ్ల కిందట నేను చూసుకున్న అవ్వకు మాంసపు ఉండలంటే ప్రాణం. ఒకసారి దుకాణంలో వూస్టర్ సాస్ సీసా కనబడింది. మూత తీస్తే అచ్చం మన చింతపండు పులుసు వాసన. నిజంగానే అందులో చింతపండు ఉంటుంది. సీసా మీద యూదుల ఆహార నియమాలకు సరిపోతుందని చెప్పే కోషెర్ ముద్ర ఉంది, దాని పక్కన పర్వె అని ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను. శుక్రవారం పొద్దున సీసాలో మిగిలిన మూడు చెంచాలూ మాంసపు ఉండల పులుసులో పోసి, ఖాళీ సీసా కింద వీధి చెత్తడబ్బాలో వేసి వచ్చాను. మధ్యాహ్నం అవ్వ కూతురు వచ్చి, మూత తీసి వాసన చూసి, "ఇందులో ఏం వేశావు?" అంది.

వూస్టర్ సాస్‌ను సంప్రదాయంగా చేసేది ఊరబెట్టిన ఆంకోవీలతో. మన నెత్తళ్ల లాంటి చిన్న చేపలు అవి. మరి పర్వె అని ఎందుకు రాశారు? నేనూ అదే అడిగాను. పర్వె అంటే మాంసం కాదు, పాలూ కాదు అని అర్థం. చేప కూడా మాంసం కాదు, పాలూ కాదు. అంటే చేప కూడా పర్వెయే. ఆ ముద్ర చేప లేదని చెప్పడం లేదు. కోషెర్ చేపతో చేసిన సాస్‌కు పర్వె ముద్ర వేయడంలో ఏ తప్పూ లేదు, దాన్ని చదివిన తీరులోనే నా తప్పు ఉంది.

రబ్బీకి ఫోన్ చేశారు. ఆయన అడిగినవి మూడే: సాస్ ఎంత పోశారు, కుండలో మొత్తం ఎంత ఉంది, సాస్‌లో చేప ఎంత. మూడో దానికి సీసా కావాలి. మెట్లు దిగి వెళ్లి చెత్తడబ్బాలో చేయి పెట్టి వెతికి తెచ్చాను. పదార్థాల వరుసలో ఆంకోవీ చివరి వైపు ఉంది, అంటే తక్కువ పాళ్లలో ఉన్నట్టు.

లెక్క ఇలా ఉంటుంది. పొరపాటున పడిన చేప 60 రెట్ల తిండిలో కలిసి కరిగిపోతే అది లేనట్టే అని చాలామంది రబ్బీలు ఒప్పుకుంటారు. పెద్ద చెంచా 15 మిల్లీలీటర్లు. మూడు చెంచాలంటే 45. దానికి 60 రెట్లు 2,700 మిల్లీలీటర్లు, అంటే సుమారు రెండున్నర లీటర్ల పైమాట. మా కుండలో అంతకు దగ్గరగానే ఉంది, పైగా సాస్‌లో చేప కొంతే. అందుకని ఆయన తినవచ్చన్నారు. కానీ ఆరోగ్యానికి ప్రమాదం అన్నచోట 60 లెక్క కూడా చెల్లదని 17వ శతాబ్దపు పండితుడు తాజ్ రాశారు, ఆయన మాట పాటించే ఇళ్లు ఉన్నాయి. కాబట్టి లెక్క మీరే వేసుకుని తేల్చేయకండి. ఈ లెక్క పొరపాటుకే వర్తిస్తుంది, తెలిసి పోయడానికి కాదు. మాంసానికి సాస్ పట్టించి నానబెట్టినా, పైన పూసి కాల్చినా 60 రెట్లు ఎక్కడా రావు.

జరిగిందని తెలిసిన వెంటనే పొయ్యి ఆపండి. కుండ కలపకండి, నీళ్లు పోసి పలచన చేయకండి, రుచి చూడకండి. సీసా దగ్గర పెట్టుకోండి. ఎన్ని చెంచాలు పోశారో కాగితం మీద రాసుకోండి, భయంలో సంఖ్య మారిపోతుంది. తర్వాత ఇంటివాళ్లకు చెప్పండి. షబ్బాత్ మొదలయ్యాక వాళ్లు ఫోన్ ముట్టరు, కాబట్టి ఆలస్యం చేయకండి.

మళ్లీ జరగకుండా ఉండాలంటే ముద్ర చూశాక సీసా వెనక్కి తిప్పండి. హీబ్రూలో మెఖిల్ అంటే కలిగి ఉంది అని, దగీమ్ అంటే చేపలు అని. ఎలర్జీ కలిగించేవాటి వరుసలో ఈ రెండు మాటలు కలిసి కనబడితే ఆ సీసా మాంసం దగ్గరికి రాకూడదు. అలూల్ లెహాఖిల్ అని ఉంటే ఉండవచ్చు అని మాత్రమే అర్థం, అది ఇంటివాళ్లను అడగండి. చదవడం రాకపోతే ఫోన్ కెమెరాతో అనువాదం చూడండి, అర నిమిషం పని. అమెరికా నుంచి వచ్చిన సీసాల మీద ఓయూ అనే కోషెర్ ముద్ర పక్కన ఫిష్ అని ఉందేమో చూడండి. వూస్టర్‌తో పాటు సీజర్ డ్రెస్సింగ్, థాయ్ ఫిష్ సాస్, కొన్ని బార్బెక్యూ సాస్‌లలో కూడా ఇదే చేప దాక్కుంటుంది. నేను ఇప్పుడు అలాంటి సీసా కొంటే మూత మీద మార్కర్‌తో తెలుగులో 'చేప' అని రాసి, ఫ్రిజ్ తలుపులో విడిగా పెడతాను.

మిగతావి అరుదు. చేప జెలటిన్‌తో చేసిన మిఠాయిలు, చేపనూనె మాత్రలు లాంటివాటికి ఇంటివాళ్లు రబ్బీని ఒక్కసారి అడిగితే సరిపోతుంది. చేపకు వాడిన కత్తితో మాంసం కోశారా? కత్తి శుభ్రంగా కడిగి ఉంటే వదిలేయండి.