మాత్ర వేసుకోకముందే శాంపిల్ ఇవ్వండి: కల్చర్ పరీక్ష గురించి ఒక ల్యాబ్ టెక్నీషియన్ సూచనలు

నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబులో టెక్నీషియన్‌ని. రోగుల ముఖాలు అంతగా గుర్తుండవు గానీ వాళ్లు తెచ్చే సీసాలు గుర్తుంటాయి. మూత కారుతున్న డబ్బా, కడిగి తెచ్చిన దగ్గుమందు సీసా, పేరు రాయని గొట్టం, ఇలా రకరకాలు. కిటికీ దగ్గర నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: "యాంటీబయాటిక్ ఏమైనా మొదలుపెట్టారా?" "లేదమ్మా, నిన్న మా ఊళ్లో ఆర్‌ఎంపీ గారు ఒక ఇంజెక్షన్ చేశారు, అంతే" అంటారు. ఆ ఒక్క ఇంజెక్షన్‌తో నా పరీక్షకు సగం ప్రాణం పోయినట్టే.

ఎందుకంటే కల్చర్ పరీక్షలో మేము బ్యాక్టీరియాను ప్రాణంతో పట్టుకోవాలి. దాన్ని క్రిములకు ఆహారం పరిచిన ప్లేటు మీద పెంచి, ఏ మందుకు లొంగుతుందో, దేనికి లొంగదో చూస్తాం. ముందే మందు పడితే అది సగం చచ్చి మా దగ్గరికి వస్తుంది, ప్లేటు మీద ఏమీ పెరగదు. రిపోర్టులో 'నో గ్రోత్' అని వస్తుంది. రోగి సంతోషంగా ఇంటికెళ్తాడు. పది రోజులకు అదే జ్వరంతో తిరిగి వస్తాడు. ఈసారి డాక్టరు చీకట్లో బాణం వేసినట్టు ఇంకా పెద్ద మందు రాయాల్సి వస్తుంది. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని 'లాన్సెట్' పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఇలాంటి గుడ్డి వాడకం దానికి ఒక పెద్ద కారణం.

అందరికీ కల్చర్ అవసరం లేదు. జలుబు, సాధారణ గొంతునొప్పి, వైరల్ జ్వరం వంటి వాటికి యాంటీబయాటికే అక్కర్లేదు, ఇక కల్చర్ ఎందుకు? మూత్రంలో మంట మళ్లీ మళ్లీ వస్తున్నా, చలితో జ్వరం వచ్చి నడుము పక్కన నొప్పి ఉన్నా, రోగి గర్భిణి అయినా, చిన్నపిల్లలైనా, మగవాళ్లకు మూత్ర ఇన్ఫెక్షన్ వచ్చినా, మందు వాడుతున్నా జ్వరం తగ్గకపోయినా డాక్టరును ఒక్క మాట అడగండి: "మందు మొదలుపెట్టేముందు కల్చర్ పంపాలా అండీ?" పరిస్థితి విషమంగా ఉంటే మాత్రం రిపోర్టు కోసం మందు ఆపకూడదు. శాంపిల్ తీసిన వెంటనే మందు మొదలుపెడతారు. ఆ వరుస తప్పకపోతే చాలు.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది మూత్రమే, ఎక్కువగా పాడయ్యేదీ అదే. డబ్బా ల్యాబులోనే అడిగి తీసుకోండి, మూత బిగించి ఉన్న స్టెరైల్ (క్రిములే లేని) డబ్బా ఇస్తారు. మీ ఇంటి సీసాను వేణ్నీళ్లతో ఎన్నిసార్లు కడిగినా మాకు పనికిరాదు. చేతులు సబ్బుతో కడుక్కోండి. మూత్రద్వారం దగ్గర మామూలు నీళ్లతో కడగండి, డెటాల్ వద్దు. అది కాస్త డబ్బాలో పడినా మేము వెతుకుతున్న బ్యాక్టీరియాను చంపేస్తుంది. ఆడవాళ్లు ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి. మొదట వచ్చే మూత్రాన్ని వదిలేయండి. ధార ఆపకుండా మధ్యలో డబ్బా పెట్టి పట్టండి, చివరిది మళ్లీ వదిలేయండి. డబ్బాలో సగం వస్తే చాలు. మూతను బోర్లా పెట్టకండి, లోపలి వైపు వేలు తగలనివ్వకండి. ఉదయం మొదటి మూత్రమైతే మంచిది.

ఇక అసలు సమస్య ఆ తర్వాతే. ఉదయం ఆరింటికి పట్టిన డబ్బాను బండి డిక్కీలో పెట్టుకుని, దారిలో టిఫిన్ చేసి, పదింటికి కిటికీ దగ్గరికొస్తారు. అనుకూలమైన వెచ్చదనంలో, మూత్ర ఇన్ఫెక్షన్లకు ఎక్కువగా కారణమయ్యే ఈ.కోలై బ్యాక్టీరియా సుమారు 20 నిమిషాలకోసారి రెండింతలవుతుంది. ఆ లెక్కన ఒక్కటి రెండు గంటల్లో 64, నాలుగు గంటల్లో 4,096. చర్మం మీద నుంచి పొరపాటున పడిన నాలుగు క్రిములు కూడా మా ప్లేటు మీద పెద్ద ఇన్ఫెక్షన్‌లా కనిపిస్తాయి. అందుకే గంటలోపు, ఎంత ఆలస్యమైనా రెండు గంటలలోపు ఇవ్వండి. అలా కుదరకపోతే కవర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి (డీప్ ఫ్రీజర్‌లో కాదు), 24 గంటలలోపు తెచ్చివ్వండి. ఇంట్లోవాళ్లు ముఖం చిట్లిస్తారు, చిట్లించనివ్వండి.

లోపల మేము చేసేది ఇది. మిల్లీలీటరులో వెయ్యో వంతు మాత్రమే పట్టే సన్నని తీగ లూపుతో మూత్రాన్ని ప్లేటు మీద గీస్తాం. మర్నాటికి ఒక్కో క్రిమి ఒక్కో చుక్కగా పెరుగుతుంది. ఒక్కో చుక్కకు వెయ్యి చొప్పున లెక్క. వంద చుక్కలు వస్తే మిల్లీలీటరుకు లక్ష. రిపోర్టులో చాలాసార్లు కనిపించే లక్ష అదే. మంట, జ్వరం ఉన్నవాళ్లలో అంతకంటే తక్కువ వచ్చినా డాక్టరు పట్టించుకోవచ్చు. మూడు నాలుగు రకాల క్రిములు కలగాపులగంగా పెరిగితే చాలావరకు శాంపిల్ సరిగా పట్టలేదని అర్థం. మళ్లీ ఇమ్మంటే మమ్మల్ని తిట్టుకోకండి.

తర్వాత ఆ క్రిమిని ఇంకో ప్లేటంతా పలచగా పరిచి, పైన 6 మిల్లీమీటర్ల కాగితపు బిళ్లలు పెడతాం. ఒక్కో బిళ్లలో ఒక్కో మందు. మర్నాడు పని చేసే మందు చుట్టూ ఖాళీ వలయం ఉంటుంది. పని చేయని మందు దగ్గర క్రిమి బిళ్ల అంచుదాకా వచ్చి ఆనుకుని ఉంటుంది. ఒకప్పుడు మంచి మందులనుకున్న వాటి బిళ్లలు వలయమే లేకుండా కూర్చుని ఉండటం చూసినప్పుడు నాకు నిజంగా కోపం వస్తుంది. క్రిమి మీద కాదు.

వలయాన్ని మిల్లీమీటర్లలో కొలిచి మూడు అక్షరాల్లో రాస్తాం. 'ఎస్' అంటే మామూలు మోతాదుకు పని చేస్తుంది. 'ఆర్' అంటే పని చేయదు. 'ఐ' అంటే మధ్యస్థం, కొన్ని మందుల్ని ఎక్కువ మోతాదులో వాడితే పని చేయవచ్చు. ఏ వలయం పెద్దదో చూసి ఆ మందే బలమైనదనుకోవడం తప్పు. మేము పాటించే సీఎల్‌ఎస్‌ఐ (ల్యాబు పరీక్షలకు ప్రమాణాలు నిర్ణయించే అమెరికా సంస్థ) ప్రమాణాల ప్రకారం ఈ.కోలైకి సిప్రోఫ్లోక్సాసిన్ 'ఎస్' అనిపించుకోవాలంటే వలయం కనీసం 26 మిల్లీమీటర్లు ఉండాలి. నైట్రోఫ్యురాంటాయిన్‌కు 17 చాలు. అంటే 20 వచ్చిన సిప్రో 'ఆర్', 18 వచ్చిన నైట్రోఫ్యురాంటాయిన్ 'ఎస్'.

'ఎస్' ఉన్నవాటిలో ఏది వాడాలన్నది వేరే సంగతి. జాబితా చివర మెరోపెనెం అనే ఇంజెక్షన్ మందు ఎదురుగా 'ఎస్' చూసి "పవర్ ఉన్నది అదే కదా, అదే రాయమనండి" అనేవాళ్లు మా కిటికీ దగ్గరికి వస్తూనే ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో యాంటీబయాటిక్‌లను మూడు గుంపులుగా విడదీసింది. ముందుగా వాడాల్సినవి, ఆచితూచి వాడాల్సినవి, ఆఖరి ఆయుధంగా దాచుకోవాల్సినవి. నైట్రోఫ్యురాంటాయిన్ మొదటి గుంపులో ఉంది. సిప్రో, సెఫిక్సిమ్, మెరోపెనెం రెండో గుంపు, కోలిస్టిన్ మూడోది. మూత్రాశయం వరకే ఉన్న ఇన్ఫెక్షన్‌కు మొదటి గుంపు మందు 'ఎస్' అయితే డాక్టరు చాలావరకు దానివైపే చూస్తారు. ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పోతే మాత్రం నైట్రోఫ్యురాంటాయిన్ చాలదు. అక్షరాలు చూసి మీరే మందుల షాపుకు వెళ్లకూడదనేది అందుకే. 'ఈఎస్‌బీఎల్' అని రాసి ఉంటే సెఫిక్సిమ్, సెఫ్‌ట్రియాక్సోన్ వంటి మందులను ముక్కలు చేసే ఎంజైము ఆ క్రిమి దగ్గర ఉందని అర్థం. డాక్టరుకు ఆ పేజీ తప్పకుండా చూపించండి.

ఏ బాధా లేకుండా హెల్త్ చెకప్‌లో చేయించిన కల్చర్‌లో క్రిమి పెరిగిందని కంగారుపడి కోర్సులు వాడేవాళ్లున్నారు. పెద్ద వయసువాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో, మూత్రానికి గొట్టం పెట్టినవాళ్లలో ఇది మామూలే. గర్భిణులకు, మూత్రనాళ ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లకు తప్ప, లక్షణాలు లేకుండా సాధారణంగా మందు అక్కర్లేదు.

రక్తం కల్చర్‌కు పెద్దవాళ్ల దగ్గర ఒక్కో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు, రెండు చోట్ల నుంచి తీస్తారు. "అంత రక్తమా" అని సిస్టర్‌తో గొడవ పెట్టుకోకండి, తక్కువ తీస్తే క్రిమి దొరకదు. ఆ సీసాను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. టైఫాయిడ్ అనుమానం ఉంటే మొదటి వారంలో ఇదే సరైన పరీక్ష. "టైఫాయిడ్ ఎన్ని పాయింట్లు?" అని మనవాళ్లు అడిగే వైడాల్ పరీక్ష రక్తంలోని యాంటీబాడీలను (క్రిమితో పోరాడటానికి ఒంట్లో తయారయ్యే పదార్థాలను) మాత్రమే చూస్తుంది. పాత జ్వరానికీ, వేరే జ్వరానికీ పాజిటివ్ రావచ్చు. ఏ మందు పని చేస్తుందో అసలే చెప్పదు. మన దేశంలో టైఫాయిడ్ క్రిమి మీద సిప్రో జాతి మందులు చాలావరకు పనికిరాకుండా పోయాయి. విచిత్రమేమిటంటే, ఒకప్పుడు పని చేయడం మానేసిన క్లోరాంఫెనికాల్ ఇప్పుడు మళ్లీ చాలా శాంపిళ్లలో 'ఎస్' చూపిస్తోంది. కొన్నేళ్లు వాడకం తగ్గడం దీనికి ఒక కారణం.

కఫమైతే నీళ్లతో నోరు పుక్కిలించి, లోతుగా దగ్గి తీసింది ఇవ్వండి, ఉమ్మి వద్దు. పుండైతే పసుపు, కాఫీపొడి, ఆయింట్‌మెంట్ పూయకముందే రండి.

ఫారం మీద ఈ వారంలో వాడిన మందుల పేర్లన్నీ రాయించండి, పేరు తెలియకపోతే ఖాళీ స్ట్రిప్ తెచ్చి చూపించండి. పనిచేసే ఫోను నంబరు ఇవ్వండి. మూత్రం రిపోర్టుకు 48 నుంచి 72 గంటలు పడుతుంది. ఈలోపు జ్వరం తగ్గిందని రిపోర్టు తీసుకోవడమే మానేస్తారు. మా బల్ల సొరుగు నిండా అలాంటి కాగితాలే. తగ్గినా సరే, వచ్చి తీసుకుని డాక్టరుకు చూపించండి. పెద్ద ఇంజెక్షన్ నుంచి చిన్న మాత్రకు మార్చాలా, ఆపేయాలా అన్నది ఆ కాగితం చూశాకే తేలుతుంది. ఫోటో తీసి ఫోనులో దాచుకోండి, మళ్లీ జబ్బు చేసినప్పుడు డాక్టరుకు పనికొస్తుంది. ఆరు నెలల నాటి ఆ ఫోటో చూపించి షాపులో మందు కొనడానికి మాత్రం పనికిరాదు. ఈసారి వచ్చిన క్రిమి వేరే అయి ఉండవచ్చు.